పక్కింటికీ మాకూ మధ్య కంచె పడిపోయింది, వేయాల్సింది ఎవరు?

పెరటి_గోంగూర
రాజమండ్రి దగ్గర పాత పంచాయతీ లేఅవుట్. 30×60 ప్లాటు, తూర్పు రోడ్డు. దక్షిణం పక్కింటికీ మాకూ మధ్య 60 అడుగుల పొడవున సిమెంటు స్తంభాలు, ముళ్ల తీగ ఉన్నాయి. వానలకు నాలుగు స్తంభాలు ఒరిగిపోయాయి, తీగ తుప్పు పట్టి ముట్టుకుంటే రాలుతోంది. మేకలు దూరి గోంగూర మడి సగం ఖాళీ చేశాయి. పక్కాయన్ని అడిగితే "దక్షిణం, పడమర ఎవరివి వాళ్లే వేసుకోవాలి. మీకిది దక్షిణం, కాబట్టి మీరే వేయాలి" అంటున్నారు. పాత కంచె ఎవరు వేశారో ఇద్దరికీ తెలీదు, ఇద్దరమూ తర్వాత కొన్నవాళ్లమే. అలాంటి రూలు నిజంగా ఉందా? సగం ఖర్చు అడగొచ్చా?

మూలమట్టం_మేస్త్రి
అది వాస్తు మాట. నైరుతి బరువుగా, ఈశాన్యం తేలిగ్గా ఉండాలంటారు కదా, అందుకని దక్షిణం, పడమర గోడలు ఎత్తుగా, సొంతంగా ఉండాలని ఇంటివాళ్లు పట్టుబడతారు. కొత్త లేఅవుట్లలో అందరూ ఒకేసారి కట్టేటప్పుడు ఇది చక్కగా సరిపోతుంది కూడా. ప్రతి ఇంటికీ రెండు పక్కల గోడ ఖర్చు పడుతుంది, మిగతా రెండు పక్కలా పక్కవాళ్ల గోడలు వస్తాయి. అలవాటు అలా పుట్టింది. ఒకరు ఒప్పుకోకపోతే ఆ లెక్క అక్కడితో సరి, బలవంతం ఏమీ లేదు.

కరివేపాకు_కొమ్మ
ఎంత శాస్త్రం చూసినా ఖర్చు మాత్రం ఎప్పుడూ పక్కవాడి దిక్కునే ఉంటుంది 😀

లాయరమ్మ_బెజవాడ
గోంగూర గారూ, మీరు మూడు ప్రశ్నల్ని కలిపి అడిగారు. హద్దు గీత ఎక్కడుంది అనేది ఒకటి. ఇప్పుడున్న కంచె ఎవరి ఆస్తి అనేది రెండోది. కొత్తది వేయాల్సిన బాధ్యత ఎవరిది అనేది మూడోది. మొదటిది తేలకుండా రెండోది తేలదు, రెండోది తేలినా మూడోదానికి సమాధానం దానంతట రాదు.

మూడోది ముందు చెప్పేస్తాను. ఎడమ పక్కది నీది, కుడి పక్కది వాడిది, దక్షిణం నీది, ఉత్తరం వాడిది అనే లెక్క మన దగ్గర ఏ చట్టంలోనూ లేదు. ఇళ్ల ప్లాటుకి కంచె వేసి తీరాలని పక్కవాళ్లని నిలదీసే హక్కు కూడా లేదు. దస్తావేజులో షరతుగానో, ఇద్దరి మధ్య ఒప్పందంగానో, లేఅవుట్ సంఘం నిబంధనగానో రాసి ఉంటేనే ఆ హక్కు వస్తుంది. సర్వే చట్టం (1923 నాటిది) భూమి ఉన్నవాడి మీద పెట్టిన బాధ్యత సర్వే రాళ్లను కాపాడటం, పోతే మళ్లీ నాటించడం వరకే. కంచె ఊసు అందులో లేదు.

కాబట్టి సగం అడగొచ్చు, ఆయన కాదంటే రాబట్టుకోలేరు. మీరే వేసేసి తర్వాత సగం బిల్లు పంపినా నిలవదు. పని మొదలుపెట్టకముందే ఆయన రాసిచ్చి ఉండాలి.

అన్నట్టు మేకల సంగతి వేరు. పశువుల అతిక్రమణ చట్టం 1871 నుంచి ఉంది. మీ కంచె బాగోలేదు కాబట్టి నా మేకలు మేశాయి అనడం కుదరదు, వాటిని బందెలదొడ్డికి తోలొచ్చు. ఊళ్లో బందెలదొడ్డి ఇంకా పనిచేస్తుంటే!

కరివేపాకు_కొమ్మ
మా ఊరి బందెలదొడ్డిలో ఇప్పుడు వాటర్ ప్లాంటు ఉందమ్మా.

పాత_దస్తావేజు
రెండో ప్రశ్నకి మొదట చూడాల్సింది చెక్కుబంది, అంటే దస్తావేజులో నాలుగు వైపులా హద్దులు రాసే భాగం. మీ చేతిలో ఉన్న దస్తావేజు ఒక్కటే చూస్తే చాలదు, లింకు డాక్యుమెంట్లు (అదే స్థలానికి అంతకు ముందు జరిగిన అమ్మకాల దస్తావేజులు) వరసగా వెనక్కి చదవండి. పాతవాటిల్లో లేఖరులు గోడ సంగతి విడిగా రాసేవాళ్లు. "దక్షిణం: ఫలానా వారి స్థలం, ఇందులో మా స్వంత గోడ" అని ఉంటే గోడ అమ్మినవాళ్లది, ఇప్పుడు మీది. "ఫలానా వారి గోడ" అని ఉంటే మీ హద్దు ఆ గోడ ముఖం దగ్గర ఆగిపోతుంది, గోడ మీది కాదు. "ఉభయుల ఉమ్మడి గోడ" లేదా "ఉమ్మడి కంచె" అని ఉంటే గీత మధ్యలోంచి పోతుందని అర్థం. తర్వాతి దస్తావేజులు రాసినప్పుడు ఈ ముక్క ఎగిరిపోతుంది, "ప్లాటు నెం. ఇంత" అని మాత్రమే మిగులుతుంది. అందుకే వెనక్కి వెళ్లమంటున్నా.

పక్కాయన కాగితం ఆయన్ని అడక్కుండానే చూడొచ్చు. ప్లాటు నంబరుతో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతకాలి. ఈసీలో దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటాయి, వాటితో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకం ఎవరైనా చూడొచ్చు, రుసుము కడితే నకలు ఇస్తారు. ఆయన దస్తావేజులో ఉత్తరం హద్దు దగ్గర ఏముందో మీ దక్షిణం హద్దుతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే చెబితే గొడవ దాదాపు అక్కడే అయిపోతుంది.

మిర్చి_యార్డు
ఇవన్నీ ఊళ్లో ఉన్న పాత ఇళ్లకి. లేఅవుట్ ప్లాట్ల దస్తావేజుల్లో గోడ మాట ఎక్కడుంటుంది? నాలుగు ప్లాటు నంబర్లు, ఒక రోడ్డు. అంతే.

పాత_దస్తావేజు
@మిర్చి_యార్డు నిజమే, మొదటి అమ్మకంలో ఉండదు, అప్పటికి అక్కడ ఖాళీ నేలే కాబట్టి. ఇల్లు కట్టాక జరిగిన అమ్మకంలో ఉండొచ్చు. "ఇల్లు, ప్రహరీ, బోరు, చెట్లు సహా" అని ఆస్తి వివరంలో రాస్తారు. హద్దుల పేరా ఒక్కటే చూసి వదిలేయొద్దు, షెడ్యూలు మొత్తం చదవండి. వెనకాల అతికించిన ప్లాను కూడా.

కడీల_మల్లన్న
కాయితంల ఏం దొరకకుంటె కంచెనే చూడాలె. మూల స్తంభానికి ఏటవాలుగ ఆనిచ్చిన సపోర్టు కడీ ఎవల జాగల దిగిందో చూడుండ్రి. కంచె ఏసినోడు సపోర్టు తన జాగలనే దించుతడు, పక్కోని జాగల తవ్వనియ్యరు కదా. తీగ ఏ దిక్కు కట్టిండ్రో గూడ చూడాలె. పశువు ఏ దిక్కు నుంచి నూకుతదో తీగ ఆ దిక్కుకే ఉండాలె, అప్పుడే బరువు స్తంభం మీద పడ్తది. రెండో దిక్కుకు కడితె కట్టుతీగలు పటపట తెగుతయి. అంటె స్తంభాలు ఉన్న దిక్కు కంచె ఓనరుది.

మూలమట్టం_మేస్త్రి
మల్లన్నా, రాతి కడీలకి నీ మాట కరెక్టు. సిమెంటు స్తంభాల్లో అచ్చు పోసేటప్పుడే బెజ్జాలు వదులుతారు, తీగ మధ్యలోంచి దూరుస్తారు. అక్కడ ఏ వైపో తెలీదు. సపోర్టు స్తంభం గుర్తు మాత్రం పనికొస్తుంది.

ఇటుక గోడైతే చూడాల్సినవి ఇంకొన్ని ఉంటాయి. నాలుగున్నర అంగుళాల గోడకి 8 నుంచి 10 అడుగులకొక పిల్లరు వస్తుంది. ఆ పిల్లరు 9 అంగుళాలు, గోడ కన్నా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ పొడుచుకొచ్చిన భాగం గోడ కట్టినవాడి లోపలికే ఉంటుంది. గోడ తలకట్టు మీద సిమెంటు వాలు ఎటు ఇచ్చారో చూడాలి, పద్ధతిగా కట్టిన గోడ నీళ్లు సొంత జాగాలోకే దిగుతాయి. ప్లాస్టరింగు ఒక్క వైపే ఉంటే సాధారణంగా అది సొంత వైపు, రెండో వైపు పక్కవాళ్లు రానివ్వక పచ్చిగా మిగిలిపోతుంది. ఇక గోడ పునాదిలో ఆఖరి మాట తేలుతుంది. ఒక మూల అడుగున్నర తవ్వి చూస్తే పునాది ఎటు ఎక్కువ బయటకొచ్చిందో కనపడుతుంది. రెండు వైపులా సమానంగా ఉంటే గోడ గీత మధ్యలో కట్టి ఉండొచ్చు. ఒక్క వైపే ఉంటే పక్కవాడి జాగాలోకి పోకుండా అంచు పునాది వేశారన్న మాట.

లాయరమ్మ_బెజవాడ
మేస్త్రి గారు, మల్లన్న గారు చెప్పినవి గుర్తులే, రుజువులు కావు. కాగితంలో స్పష్టంగా ఉంటే ఈ గుర్తులు దాన్ని కొట్టేయలేవు. కాగితం నోరు మెదపనప్పుడు మాత్రం బలం చేకూరుస్తాయి. కాబట్టి పాత స్తంభాలు పీకేలోగా ఫొటోలు తీసి పెట్టుకోండి. స్తంభం పక్కన టేపు పట్టి, రెండు ఇళ్లూ కనపడేలా. పీకేశాక సాక్ష్యం చెత్తబండి ఎక్కినట్టే.

గూగులు_గురువు
ఇంత కష్టం ఎందుకు? శాటిలైట్ మ్యాప్ తెరిచి జూమ్ చేస్తే హద్దు కనపడదా? ఫోన్లో స్థలం కొలిచే యాప్‌లు కూడా బోలెడు ఉన్నాయి.

గొలుసు_లింకు
గురువు గారూ, ఫోను జీపీఎస్ మామూలుగానే కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. ఇక్కడ తగువు అంగుళాల్లో. ఆ యాప్‌తో నడిస్తే పక్కాయన వంటిల్లు కూడా గోంగూర గారిదే అవుతుంది.

గీత ఎక్కడుందో తేల్చే పద్ధతి చెబుతాను. లేఅవుట్ ప్లాను నకలు పంచాయతీలోనో, మొదట అమ్మినవాళ్ల దగ్గరో సంపాదించండి. అందులో మీ ప్లాటు ఒక్కటే కొలిస్తే మోసపోతారు. మీ వరస మొత్తం, అంటే ఈ చివర అడ్డరోడ్డు నుంచి ఆ చివర అడ్డరోడ్డు దాకా కొలవాలి. ప్లానులో 300 అడుగులుంటే నేల మీద 298 వస్తుంది, లేదా 301 వస్తుంది. మొదట కట్టుకున్నవాళ్లు పూర్తి 30 తీసుకుని ఉంటారు, తరుగు మొత్తం చివరివాడి నెత్తిన పడుతుంది. మీ హద్దు అలా జరిగిందా అనేది మొత్తం వరస కొలిస్తేనే తెలుస్తుంది. రోడ్డు వెడల్పు కూడా కొలవండి. 30 అడుగుల రోడ్డు 28 అయిందంటే ఎవరో ముందుకొచ్చారు, వాళ్ల గోడని ఆధారంగా పెట్టుకుని కొలవకూడదు.

టేపు ఇనుపది వాడండి. ఫైబరు టేపు లాగితే సాగుతుంది, 60 అడుగుల మీద అంగుళం తేడా తేలిగ్గా వచ్చేస్తుంది. నాలుగు మూలలూ పెట్టుకున్నాక ఐమూలలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలవాలి. 30×60 సరిగ్గా లంబంగా ఉంటే రెండు ఐమూలలూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ప్లాటు వంకర. చాలామంది పక్క కొలతలు సరిపోయాయని సంబరపడి ఇది వదిలేస్తారు.

మిర్చి_యార్డు
ప్రభుత్వ సర్వేయరుకి ఎఫ్ లైన్ దరఖాస్తు (హద్దులు కొలిచి చూపించమని) పెడితే ఆయనే వచ్చి తేలుస్తాడు కదా. ప్రైవేటు కొలతకి విలువేంటి?

గొలుసు_లింకు
@మిర్చి_యార్డు పొలానికైతే ముందు అదే చేయాలి. ఎఫ్ఎంబీలో, అంటే సర్వే శాఖ కొలతల పటాల పుస్తకంలో, సర్వే నంబరు, సబ్ డివిజన్ గీతలు ఉంటాయి, సర్వేయరు పక్క రైతులకి నోటీసిచ్చి ఆ గీతలు నేల మీద చూపిస్తాడు. పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, లింకు 7.92 అంగుళాలు, వంద లింకులు 66 అడుగుల గొలుసు. మీటర్లనుకుని చదివితే అంతే సంగతులు. కానీ లేఅవుట్ లోపలి ప్లాటు గీతలు ఎఫ్ఎంబీలో ఉండవు. ఒకే సర్వే నంబరులో నలభై ప్లాట్లుంటే సర్వేయరు ఆ నంబరు చుట్టుకొలత చూపించగలడు, 46, 47 ప్లాట్ల మధ్య గీత చూపించలేడు. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్లదీ అదే ఇబ్బంది. అందుకే లేఅవుట్‌కి లైసెన్సు ఉన్న సర్వేయరు చేత, ప్లాను పెట్టుకుని, ఇద్దరి ఎదుటా కొలిపించాలి. నక్షా గీసి ఇద్దరి సంతకాలూ పెట్టిస్తే దాని విలువ దానికుంటుంది.

స్లౌ_సత్తి
ఇంగ్లండులో మనవాళ్లు ఇల్లు కొనగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. అక్కడా "ఎడమ పక్క కంచె నీది" అనే ప్రచారం గట్టిగా ఉంది, అదీ ఒట్టిదే. పాత బదిలీ పత్రాల ప్లానులో హద్దు గీతకి ఆనించి ఇంగ్లీషు టీ అక్షరం లాంటి గుర్తు గీస్తారు. టీ ఎవరి స్థలంలోకి ఉంటే కంచె వాళ్లది. రెండు వైపులా టీలు కలిసి హెచ్ లాగా కనిపిస్తే ఉమ్మడి. కానీ ల్యాండ్ రిజిస్ట్రీ ప్లానులో గీత ఉజ్జాయింపుదే, అంగుళాల లెక్కకి పనికిరాదు. పెరటి కంచె 2 మీటర్లు దాటితే అనుమతి కావాలి, రోడ్డు పక్కనైతే 1 మీటరు. కంచె నీదని తేలినా, దస్తావేజులో షరతు లేకపోతే బాగు చేయమని ఎవరూ బలవంతపెట్టలేరు. లాయరమ్మ గారు చెప్పినదానికి ఇందులో పెద్ద తేడా లేదు.

కరివేపాకు_కొమ్మ
అయితే దొరల దగ్గర కూడా పక్కింటాయన పక్కింటాయనే.

పెరటి_గోంగూర
అందరి మాటా విని కాగితాలు తిరగేశాను. రెండు దస్తావేజుల్లోనూ ప్లాటు నంబర్లే, కంచె ఊసు లేదు. సపోర్టు స్తంభాలు రెండు మూలలా మా వైపే దిగి ఉన్నాయి. లేఅవుట్ ప్లాను పెట్టి సర్వేయరు వరసంతా కొలిచాడు, పక్కాయన కూడా ఉన్నారు. తూర్పు చివర కంచె సరిగ్గా గీత మీదే ఉంది. పడమర చివర మాత్రం 5 అంగుళాలు మా స్థలంలోకి జరిగి ఉంది. ఇప్పుడు కొత్త కంచె పాత వరసలో వేయాలా, గీత మీద వేయాలా?

మిర్చి_యార్డు
వదలొద్దు! అంగుళం కూడా వదలొద్దు. ఈరోజు 5 అంగుళాలు, రేపు 5 అడుగులు.

గొలుసు_లింకు
లెక్క చూడండి. ఒక చివర సున్నా, ఇంకో చివర 5 అంగుళాలు, పొడవు 60 అడుగులు. త్రికోణం పన్నెండున్నర చదరపు అడుగులు. గజం తొమ్మిది చదరపు అడుగులు, అంటే దాదాపు గజం నర.

కరివేపాకు_కొమ్మ
గజం నర జాగాలో మడత కుర్చీ కూడా సరిగ్గా పట్టదు. మిర్చి గారు దానికి హైకోర్టు దాకా వెళ్లేలా ఉన్నారు.

మిర్చి_యార్డు
నవ్వుకోండి. 12 ఏళ్లు కంచె అక్కడే ఉంటే స్థలం వాడిదైపోతుంది, అది తెలుసా?

లాయరమ్మ_బెజవాడ
అంత తేలిగ్గా అవదు మిర్చి గారూ. 12 ఏళ్ల గడువు ఉన్న మాట నిజమే. కానీ అవతలివాళ్లు ఆ ముక్క తమదేనని బాహాటంగా, అసలు యజమాని హక్కుకి ఎదురుగా అనుభవించామని నిరూపించుకోవాలి. ఎవరో పొరపాటున కంచె పక్కకి వేస్తే అదొక్కటే చాలదు. ఇక్కడ సపోర్టు స్తంభాలు కూడా గోంగూర గారి వైపే ఉన్నాయి, వేసింది ఆ వైపు పాత యజమానే అయ్యుండొచ్చు. తన స్థలంలో కాస్త లోపలికి వేసుకున్నాడనుకోవచ్చు.

గోంగూర గారూ, సర్వే అయిపోయింది, ఆయన ఎదుటే అయింది, గీత మీద తకరారు లేదు. గీత మీదకి జరపడానికి ఆయన ఒప్పుకుంటే రాసుకోండి. ఒప్పుకోకపోతే ఒక్కరే వెళ్లి పీకి జరిపేయకండి. ఆ ముక్క ఆయన స్వాధీనంలో ఉందంటే, కోర్టు ఆర్డరు లేకుండా తప్పించారని ఆరు నెలల్లోపు దావా వేసి, స్థలం ఎవరిదన్న విచారణతో పని లేకుండానే స్వాధీనం వెనక్కి తీసుకోగలడు. స్టేషనుకి వెళ్లినా సివిల్ వ్యవహారం అని పంపేస్తారు.

ఒప్పందంలో ఏం రాయాలంటే: సర్వే తేదీ, నక్షా జత చేసినట్టు, కంచె ఏ వరసలో వేస్తున్నారో (తూర్పు మూల నుంచి, పడమర మూల నుంచి కొలతలతో), ఖర్చు ఎవరు ఎంత, తర్వాత మరమ్మతు ఎవరిది, కంచె ఉమ్మడా ఒకరిదా, దాని మీద షెడ్డు గానీ పందిరి గానీ ఆనించొచ్చా లేదా. ఇద్దరు సాక్షులు. 100 రూపాయల స్టాంపు కాగితం చాలు. ఒక్క జాగ్రత్త: స్థలం ఒకరి నుంచి ఒకరికి పోయేలా రాస్తే అది రిజిస్టర్ చేయాల్సిందే. ఇక్కడ మీ గీత మీదకే జరుపుతున్నారు కాబట్టి "హద్దు ఇదేనని ఇద్దరం ఒప్పుకుంటున్నాం" అనే మాట సరిపోతుంది. ఇలాంటి ఒప్పందం మీ ఇద్దరి మధ్యే పనిచేస్తుంది. ఇల్లు అమ్మితే కొన్నవాళ్లని దానంతట అది కట్టిపడేయదు, అమ్మే దస్తావేజులో ఆ సంగతి రాయించండి.

మాట మీద కుదరకపోతే దావా కన్నా ముందు మండల న్యాయ సేవా సమితికి దరఖాస్తు పెట్టండి. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. అక్కడ రాజీ పడి అవార్డు రాస్తే అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

మూలమట్టం_మేస్త్రి
నన్నడిగితే ఉమ్మడి వద్దు. ఉమ్మడి గోడలు నాలుగేళ్లకి తగువులవుతాయి. ఒకాయన మేకు కొడతాడు, ఇంకొకాయన రంగు వేయనంటాడు. గీతకి రెండంగుళాలు లోపల మీరే వేసుకుని మీదే అనిపించుకోండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కడీల_మల్లన్న
మేస్త్రీ, గా మాట గోడకైతె సరే. కంచెకు రెండు దిక్కుల ఖర్చు ఎందుకు? ఒక్కటే కంచె, సగం సగం, పని అయిపాయె. రెండంగుళాలు లోపలికి ఏస్తె ఆ సందుల పిచ్చిమొక్కలు ఎవలు పీకాలె?

మూలమట్టం_మేస్త్రి
రెండంగుళాల సందులో మొక్కలు ఏం మొలుస్తాయి మల్లన్నా! గోడకైతే ఇంకా లోపలికి జరగాలి, లేకపోతే పునాది పక్కవాడి జాగాలోకి పోతుంది. నాలుగున్నర అంగుళాల గోడకి పునాది అడుగున్నర వెడల్పు ఉంటుంది. గోడని సరిగ్గా గీతకి ఆనించి, పునాదిని మధ్యకి వేస్తే, దాదాపు ఏడు అంగుళాల మేర భూమి లోపల అవతలివాడి జాగాలో ఉన్నట్టే. పైకి ఏమీ కనపడదు. ఆయన బోరు వేసేటప్పుడో, సెప్టిక్ ట్యాంకు తవ్వేటప్పుడో బయటపడుతుంది.

పెరటి_గోంగూర
కంచే వేద్దామనుకుంటున్నాం. పక్కాయన సగానికి దిగొచ్చారు (ఆయన జామచెట్టునీ మేకలు వదల్లేదు లెండి). మాది నల్లమట్టి. ఏం కావాలో లెక్క చెప్పగలరా?

కడీల_మల్లన్న
60 ఫీట్లకు 10 ఫీట్లకొకటి అంటె 7 స్తంభాలు, రెండు మూలలకు సపోర్టులు 2. మొత్తం 9. 7 ఫీట్ల స్తంభం తీసుకోండ్రి, 2 ఫీట్లు భూమిల, 5 ఫీట్లు మీద. మేకలున్నయంటున్నరు కాబట్టి ముళ్లతీగ ఒక్కటే ఏస్తె లాభం లేదు, సందుల నుంచి దూరుతయి. 4 ఫీట్ల చైన్ లింక్ జాలీ ఏసి మీద ఒక వరస ముళ్లతీగ గుంజుండ్రి. జాలీ పాయలు 2 ఇంచుల కన్న పెద్దగ ఉండొద్దు. 50 ఫీట్ల చుట్ట తెస్తె 10 ఫీట్లు తక్కువైతది, ముందే చూసుకోండ్రి. జాలీ కింది అంచుకు, నడుమల, మీద మూడు లైన్ వైర్లు గుంజి దానికి కట్టాలె. లైన్ వైర్ లేకుంటె ఆర్నెల్లల్ల జాలీ పొట్ట జారుతది.

మూలమట్టం_మేస్త్రి
గుంత అడుగు వెడల్పు, రెండడుగుల లోతు. 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు, బస్తా సిమెంటుకి సుమారు నాలుగు గుంతలు వస్తాయి. 9 గుంతలకి రెండున్నర బస్తాలు పెట్టుకోండి. నల్లమట్టిలో పాత స్తంభాలు ఒరగడానికి కారణం ఏంటంటే, వానకి మట్టి ఉబ్బి, ఎండకి కుంచించుకుని స్తంభం చుట్టూ ఖాళీ వదులుతుంది. ఉత్త మట్టి వేసి తొక్కేస్తే రెండు వానాకాలాలకి కదులుతుంది. గుంత అడుగున నాలుగంగుళాలు కంకర వేయండి, మూల స్తంభాలకి లోతు మరో అరడుగు పెంచండి (ఆ రెండూ ఏడున్నర అడుగులవి తీసుకోవాలి మరి). కాంక్రీటు పైభాగం నేల కన్నా అంగుళం ఎత్తుగా, చుట్టూ వాలుగా చెక్కితే నీళ్లు నిలవవు.

పోసిన మర్నాడే తీగ బిగించేవాళ్లున్నారు. మూల స్తంభం లోపలికి వంగిపోతుంది, తర్వాత ఎంత బిగించినా తీగ వదులే. వారం తడిపి అప్పుడు బిగించండి. ముందు మూల స్తంభాలు రెండూ నిలబెట్టి, మధ్యకి దారం కట్టి, దారం తగలకుండా మిగతావి పాతండి. స్తంభం దారాన్ని తోస్తే వరస వంకరపోతుంది. మీ 5 అంగుళాలు బహుశా అలాగే వచ్చి ఉంటాయి.

గొలుసు_లింకు
@మూలమట్టం_మేస్త్రి వంకర అయితే మధ్యలో పొట్ట వస్తుంది. ఒక చివర సున్నా, ఇంకో చివర 5 అంటే దారమే తప్పు మూలకి కట్టారు.

మూలమట్టం_మేస్త్రి
సరే ఒప్పుకున్నా 🙏

పాత_దస్తావేజు
సర్వేయరు పాతిన మూల రాళ్లు కంచె కాంక్రీటులో కలిపేయకండి. రాయి పక్కన స్తంభం వేయండి, రాయి పైకి కనపడాలి. రేపు ఎవరైనా కొలవాలంటే మళ్లీ అడ్డరోడ్డు నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

పెరటి_గోంగూర
ఇంకొక్కటి. ఆయన జామచెట్టు కొమ్మలు రెండు మా వైపు పూర్తిగా వాలి ఉన్నాయి, జాలీ వేయాలంటే అడ్డం. కొట్టొచ్చా? కాయలు ఎవరివి?

లాయరమ్మ_బెజవాడ
మీ స్థలం మీదకి వచ్చినంత మేరకు మీ వైపు నిలబడి కొట్టుకోవచ్చు. ఆయన స్థలంలోకి అడుగు పెట్టకూడదు, చెట్టు చచ్చేలా మొదలు దగ్గర కొట్టకూడదు. కొమ్మలు ఏళ్ల తరబడి మీ మీదకి వాలి ఉన్నా ఆయనకి దానివల్ల హక్కేమీ రాదు. కాయలు మాత్రం చెట్టువాళ్లవే. సగం ఖర్చుకి ఒప్పుకున్న మనిషి కాబట్టి ముందు ఒక మాట చెప్పి కొట్టించండి.

కరివేపాకు_కొమ్మ
కాయలు కోసి ఇచ్చేయండి, నాలుగు ఉంచుకుని.